బురద చెప్పిన సాక్ష్యం

మా నాన్నగారి పుట్టినతేదీ బడి రిజిస్టరులో 1965 జూలై 1 అని ఉన్నది. అది నాటి ప్రధానోపాధ్యాయులు తమ సౌకర్యార్థం వేసుకొన్న తేదీ. మా దాదీని అడిగితే మాత్రం, "చెరువు నెర్రెలిచ్చిన యేడు బిడ్డా, నాకదే యాది" అనేది. 1965లోనూ, 1966లోనూ దేశంలో వానలు తప్పినవి. ఆ రెండింటిలో ఆమె చెప్పినది ఏ యేడో మా ఇంట ఈనాటికీ తేలలేదు.

తెలుగు చదువుకొని, తెలుగు చెప్పుకొని బ్రతుకుచున్న నాకు గతమంటే వ్రాతలో నిలిచినదే: శాసనం, తాళపత్రం, కైఫీయతు. ఒకనాడు స్టాఫురూములో దాదీ లెక్క చెప్పి నేను నవ్వగా, భూగోళశాస్త్రం బోధించే మిత్రులొకరు నవ్వలేదు. "నీటి అడుగున కూడా దస్తావేజులుంటవండీ. లోణార్ పోయి చూద్దాం రండి" అన్నారు. శీతకాలపు సెలవులలో బయలుదేరినాము.

లోణార్ మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లాలో, ఒకప్పుడు నిజాము రాజ్యంలో చేరియుండిన బీరారు సీమలో ఉన్నది. ఉల్క పడి నల్లరాతి నేలలో ఏర్పడిన గుండ్రని గొయ్యి అది. అంచు నుండి అంచుకు సుమారు 1.8 కిలోమీటర్లు. అడుగున ఉప్పు, క్షారం కలిసిన పచ్చని నీరు. గాజుకూ సబ్బుకూ కావలసిన ద్రవ్యాలు ఇక్కడ దొరకునని అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో పేర్కొన్నాడు. గొప్ప దృశ్యం చూడబోతున్నానని ఉత్సాహంతో దిగిన నాకు ముందుగా తగిలినది కుళ్లిన కోడిగ్రుడ్ల వాసన.

ఈ సరస్సులో చేరిన నీటికి బయటకు పారే దారి లేదు. వానకు కొట్టుకొనివచ్చిన మన్ను, రాలిన ఆకు, గాలి తెచ్చిన పుప్పొడి అన్నీ అడుగున పొరపై పొరగా పేరుకొంటవి. శాస్త్రజ్ఞులు గొట్టం దింపి ఆ పొరలను చెదరకుండా పైకి తీస్తారు. ఇక్కడ తీసిన సుమారు 10 మీటర్ల బురదలో దాదాపు 11,000 ఏండ్ల చరిత్ర ఇమిడి ఉన్నది. పొరలలో చిక్కిన ఆకుపుల్లల కర్బనం వయస్సు చెప్పును. పుప్పొడి ఆనాటి చెట్టుచేమల పేర్లు చెప్పును. వీటన్నిటిలో నా మనస్సు దోచినది గేలుస్సైట్ అనే స్ఫటికం. వాన తగ్గి, నీరు ఆవిరై, సోడా బాగా చిక్కబడినప్పుడే అది ఏర్పడుతుంది. సుష్మా ప్రసాద్, ఆమె సహచరులు 2014లో ప్రకటించిన పరిశోధనలో రెండు దీర్ఘమైన అనావృష్టి కాలాలు తేలినవి. సుమారు 4,600 నుండి 3,900 ఏండ్ల క్రిందటిది ఒకటి. 2,000 నుండి 600 ఏండ్ల క్రిందటిది మరొకటి. ఆ రెండు కాలాల పొరలలోనూ ఈ స్ఫటికాలున్నవి.

రెండవ కాలం లెక్క చూచి నేను ఉలిక్కిపడినాను. నన్నయ భారతం చెప్పిన 11వ శతాబ్దం, కాకతీయులనాడు రామప్ప, పాకాల చెరువులు వెలసిన కాలం ఆ పొరలలోనివే కదా! చెరువు త్రవ్వించుట సప్తసంతానాలలో ఒకటని తరగతిలో చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఆ పుణ్యం వెనుక దాహం ఉండెనా? తిరుగు ప్రయాణంలో, బస్సులోనే ఒక వ్యాసం మనస్సులో కట్టుకొన్నాను.

మిత్రులు దానిని మొదటి వాక్యంలోనే ఆపినారు. లోణార్ బురద ఓరుగల్లు వానను గురించి ప్రమాణం చేయజాలదట. పొరల వయస్సులో పదుల ఏండ్ల తేడా, ఒక్కొక్కచోట అంతకు మించియు, ఉండవచ్చునట. వేయి ఏండ్లకు పైబడిన పొడికాలమంటే ఏటేటా కరవని అర్థం కాదట. నాకు హదీసు విద్వాంసుల పద్ధతి గుర్తుకు వచ్చినది. మాట ఎంత ఇంపుగా ఉన్నా, దానిని చెప్పినవారి పరంపర సరిచూడనిదే వారు స్వీకరించరు. ఇంట చిన్ననాటినుండి విన్న ఆ నియమాన్ని బురద చదివేవారు పాటిస్తుండగా, గ్రంథాలు చదివిన నేను మరచితిని. మొదటి కాలానికైతే దూరాన మరొక సాక్షి ఉన్నది: హర్యానాలోని కోట్లా దహర్ అనే ఎండిన సరస్సు నత్తగుల్లలు కూడా సుమారు 4,100 ఏండ్ల క్రిందట వానలు సన్నగిల్లినవనే చెప్పుచున్నవి. నా వ్యాసానికి మాత్రం సాక్షి తెలుగు నేలమీదనే కావలెను. అందుచేత దానిని వ్రాయలేదు.

పోనీ, మా ఊరి చెరువు మాటేమిటని అడిగినాను. ఆయన తల అడ్డంగా ఊపినారు. ఎండి, పశువులు త్రొక్కి, మాటిమాటికి పూడిక తీసే చెరువులో పొరలు నిలువవట. అదియు నిజమే. మిషన్ కాకతీయ మొదలైన 2015 వేసవిలో మా చెరువు మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలినారు. మా నాన్నగారు కూడ మా చెలకలో నాలుగు ట్రాక్టర్లు పోయించుకొన్నారు. ఆ మట్టిలో ఆయన పుట్టిన యేడు కూడ పోయినదేమో అని మొన్న నేనన్నాను.

"అందుకేనేమో, మరుసటి యేడు మక్క మంచిగ పండింది" అన్నారాయన.