వెలుగుబండి చివరి కొలువు

కాజీపేట నుంచి విజయవాడ పోయే దారిలో మానుకోట దాటాక, డోర్నకల్ రాకముందు మా గార్ల స్టేషను వస్తుంది. 1889లో సికింద్రాబాదును బెజవాడతో కలిపిన పాత దారి ఇది. 1980లలో దీనికి కరెంటు తీగలు వచ్చాయి. పెద్ద బండ్లెన్నో ఇక్కడ ఆగకుండానే దూసుకుపోతాయి. అవి పోతుంటే నాకు జపాను బండి ఒకటి జ్ఞాపకం వస్తుంది.

1964 అక్టోబరు 1న టోకియో, ఒసాకాల నడుమ పరుగు మొదలుపెట్టిన షింకన్‌సెన్ అది. 'సున్నా శ్రేణి' అంటారు. ముందు ఇంజనంటూ వేరే లేదు. 12 పెట్టెల కిందా కలిపి 48 మోటార్లు. గంటకు 210 కిలోమీటర్ల వేగం! పెద్ద ఊళ్ళలోనే ఆగే బండికి 'హికారి' అని పేరు, అంటే వెలుగు. అన్ని స్టేషన్లలో ఆగేది 'కొదమ'. మనకు కొదమ అంటే సింగపు పిల్ల, వారికి ప్రతిధ్వని. తొలినాళ్ళలో రెండూ ఈ బండ్లే. పేరు మాత్రం వెలుగుకే ఎక్కువ దక్కింది.

కొత్త బండ్లు రాగా సున్నా శ్రేణికి వెలుగు కొలువు పోయింది. చివరికి 6 పెట్టెల కొదమగా, పశ్చిమ జపానులో చిన్న స్టేషన్లన్నిటా ఆగుతూ, 2008 నవంబరు 30న రోజువారీ పని చాలించింది.

ఇది హోదా తగ్గడమంటారా? నేననను. ఆసుపత్రికో, కళాశాలకో, సంతకో పోవలసిన వాడికి బండి ఎంత వేగంగా పోతుందన్నది తరువాతి మాట. తన ఊళ్ళో ఆగుతుందా అన్నది మొదటి మాట. ఈ సంగతి టోకియోవారికి విడమరచి చెప్పాలేమో గాని, గార్లవారికి అక్కరలేదు.