‘కొను’ ధాతువుకు కొత్త అర్థం

34 ఏళ్ళపాటు బడిపిల్లలకు విభక్తులు, సమాసాలు చెప్పి పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు వీడియో ఆటల గురించి వ్రాయబూనడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నాకూ నవ్వుగానే ఉన్నది. కానీ ఈ విషయం ఒక క్రియాపదాన్ని పట్టుకొని నా గుమ్మంలోకి వచ్చినది. ఇక ఊరకుండడం నా వల్ల కాలేదు.

గత వేసవిలో మా అమ్మాయి కొడుకు, పదమూడేళ్ళవాడు, సెలవులకు కొవ్వూరు వచ్చినాడు. బట్టల సంచితోపాటు తన ఆటల పెట్టెనూ తెచ్చుకొన్నాడు. అంతకు ముందటి ఏడు వాడి పుట్టినరోజుకు నా పింఛను డబ్బుతో 4,999 రూపాయలు పెట్టి ఒక ఫుట్‌బాల్ ఆట డిస్కు కొనిపెట్టినాను. ఆ పెట్టెకు ఏడాది చందా అంటూ ఒకటి ఉంటుందని వాడే చెప్పగా అదీ కట్టినాను. ఆ చందా వలన నెలకు రెండు మూడు ఆటలు వాడి జాబితాలో చేరుతూ వచ్చినవి. ఏడాది తిరిగేసరికి ముప్పై పైచిలుకు ఆటలు. తాతగారు ఇచ్చిన కానుక ఇంతింతై పెరిగినదని నేనూ మురిసిపోయినాను.

వచ్చిన మూడవనాటి సాయంత్రం వాడు మొహం చిన్నబుచ్చుకొని నా పడక కుర్చీ దగ్గర నిలబడినాడు.

“తాతయ్యా, నా ఆటలన్నిటికీ తాళాలు పడ్డాయి.”

వెళ్ళి చూస్తే నిజమే. టీవీ తెర మీద వరుసగా పేర్చిన బొమ్మలు, ఒక్కొక్క బొమ్మ మీద చిన్న తాళంకప్ప. ఆ వరుసకు పైన శీర్షిక మాత్రం ‘కొన్నవి’ అనే అర్థమిచ్చే ఆంగ్ల పదం. సంగతేమిటంటే ఏడాది గడువు తీరినది. అల్లుడుగారు బ్యాంకు కార్డు మార్చినందువలన చందా తనంతట తాను కొనసాగలేదు. అంతటితో ముప్పై ఆటలూ మూతపడినవి.

“పోనీలేరా, అవి చందాతో వచ్చినవి, చందాతో పోయినవి. నేను కొనిపెట్టిన డిస్కు ఉన్నదిగా, అది ఆడుకో” అన్నాను.

“ఆడుకోవచ్చు తాతయ్యా, కానీ ఒక్కణ్ణే ఆడుకోవాలి. వాడితో ఆడాలంటే చందా ఉండాలి.”

ఆ ‘వాడు’ మనవడి ప్రాణస్నేహితుడు. రెండేళ్ళ క్రితం తండ్రికి బదిలీ అయి నాగపూరు వెళ్ళిపోయినాడు. రోజూ సాయంత్రం ఆరింటికి వీళ్ళిద్దరూ ఆ ఆటలోనే కలుసుకొంటారు. కబుర్లూ అక్కడే, కీచులాటలూ అక్కడే. అప్పటికి గడియారంలో ఆరు దాటి పది నిమిషాలయినది.

ఇక్కడ నాలోని పండితుడు నిద్ర లేచినాడు. మన భాషలో ‘కొను’ చాలా నిండైన ధాతువు. గ్రహించడం, వెల ఇచ్చి తీసుకోవడం దాని అర్థాలు. అంతటితో ఆగక అది మరొక క్రియ పక్కన చేరి ఆ పని ఫలితం చేసినవాడికే చెందుతుందని చెబుతుంది. వండుకొన్నాడు, కట్టుకొన్నాడు, దాచుకొన్నాడు. ఆత్మార్థకమని దీనిని తరగతిలో ఎన్ని వందల సార్లు చెప్పినానో! అంటే ‘కొన్నాను’ అనే మాటలోనే ‘ఇది ఇక నాది’ అన్న అర్థం ఇమిడి ఉన్నది. అటువంటి మాటను తలుపు మీద వ్రాసి, లోపల అద్దె కొట్టు నడపడం భాషకు చేసిన అపచారంగా నాకు తోచినది.

అద్దె మీద నాకు ద్వేషమేమీ లేదు. 1970ల మొదట్లో గంటకు పావలా ఇచ్చి అద్దె సైకిలు తొక్కినవాళ్ళమే మనమంతా. కిళ్ళీ కొట్టు పక్కనున్న బడ్డీలో డిటెక్టివ్ నవలలు రోజు అద్దెకు తెచ్చి, వాచకంలో దాచుకొని చదివిన పాపం నాకూ ఉన్నది. కానీ ఆ సైకిలు షాపు యజమాని ఏనాడూ “బాబూ, సైకిలు కొన్నావు” అనలేదు. గంట కాగానే “దిగు” అన్నాడు, దిగినాము. అందులో మోసం లేదు.

మనవడి సమస్య పుణ్యమా అని నెల రోజులు ఈ సంగతులే చదివినాను. తెలిసినవి క్లుప్తంగా చెబుతాను.

తోటివారితో కలిసి ఆడడానికి ఇలా సుంకం వసూలు చేయడం 2002లో వచ్చిన మైక్రోసాఫ్టు వారి ఎక్స్‌బాక్స్ లైవ్ నాటి నుండీ ఉన్నది. సోనీ వారి ప్లేస్టేషన్ 3లో మాత్రం అది ఉచితమే. 2010లో వారు ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా పెట్టినా అది ఇష్టమైనవారికే. 2013 నవంబరులో ప్లేస్టేషన్ 4 వచ్చినప్పుడు, డబ్బిచ్చి కొన్న ఆటలు చాలావాటిని ఇతరులతో కలిసి ఆడాలంటే ఆ చందా తప్పనిసరి అయినది. విచిత్రమేమంటే, అసలు ధరే లేకుండా ఉచితంగా ఇచ్చే ఆటలకు చాలావరకు ఈ సుంకం లేదు. ఎక్స్‌బాక్సులో కూడా 2021లో వాటికి తీసివేసినారు. ఊరకే వచ్చినవాడికి గేటు బార్లా తెరిచి, టికెట్టు కొన్నవాడిని మాత్రం మళ్ళీ రుసుము అడగడం ఏ తిరునాళ్ళలోనూ చూడలేదు.

ఇక చందాతో వచ్చే ఆటల సంగతి. చందా ఉన్నంతకాలమే అవి ఆడగలము, మళ్ళీ కడితే మళ్ళీ తెరుచుకొంటాయి. ఇది యంత్రధర్మం, తప్పదనుకొంటే పొరపాటే. 2013లో మైక్రోసాఫ్టు తన చందాదారులకు నెలనెలా ఆటలివ్వడం మొదలుపెట్టినప్పుడు, పాత ఎక్స్‌బాక్స్ 360 కోసం ఇచ్చిన ఆటలు చందా మానినా వారికే మిగిలినవి. తరువాతి యంత్రమైన ఎక్స్‌బాక్స్ వన్ ఆటలకు మాత్రం చందా ముడి పెట్టినారు. ఒకే సంస్థ, ఒకే పథకం, రెండు పద్ధతులు. 2023 సెప్టెంబరులో ఆ పథకమే ముగిసినది. కనుక తాళం వేయడమన్నది కేవలం వ్యాపార నిర్ణయం.

ఆ నిర్ణయంలో కిటుకు కూడా ఉన్నది. ఎన్నేళ్ళు చందా కడితే జాబితా అంత పెరుగుతుంది. జాబితా పెరిగినకొద్దీ చందా మానడానికి మనసొప్పదు. 2023 సెప్టెంబరులో సోనీ తన ప్రాథమిక వార్షిక చందాను అమెరికాలో సుమారు 60 డాలర్ల నుండి 80 డాలర్లకు పెంచినది. కొత్తవాడు పెదవి విరిచి వెళ్ళిపోగలడు. పదేళ్ళ పాత చందాదారు ఎక్కడికి పోతాడు? ఎంత నమ్మకస్థుడైన ఖాతాదారో అంత గట్టి సంకెల.

పూర్తి వెల చెల్లించినవారికైనా భద్రత ఉన్నదా అంటే, యూబీసాఫ్టు వారి ‘ది క్రూ’ ఉదంతం చాలు. 2014లో అమ్మిన ఆ కార్ల పందేల ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపివేసినారు. ఒంటరిగా ఆడుకొనేవారికి కూడా సర్వరు అవసరమే కనుక కొన్నవారందరి ఆటా ఒక్కసారిగా నిలిచిపోయినది. ఆ గొడవలోంచే ఐరోపాలో ఆటలను ఇలా చంపవద్దని ఉద్యమం లేచి, 2025 జూలై నాటికి పది లక్షల సంతకాలు దాటినవి. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసి 2025 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చినది. కేవలం అనుమతి మాత్రమే ఇస్తూ, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా, ‘కొనండి’ అనే మాట వాడరాదని దాని సారాంశం. ఒక శాసనసభ కూర్చొని ఒక క్రియాపదానికి అర్థం కాపాడినదంటే భాషోపాధ్యాయుడికి అంతకన్న ఏమి కావాలి! కేవలం చందా కాలానికి మాత్రమే అందుబాటు అని చెప్పి ఇచ్చే సేవలకు ఆ చట్టం వర్తించదు. అదీ సబబే, అద్దెను అద్దె అన్నవాడితో తగవు లేదు.

మన దేశంలో 2021 అక్టోబరు నుండి అమలైన రిజర్వు బ్యాంకు నియమాల వలన, కార్డు నుండి చందా సొమ్ము తనంతట తాను పోయేముందు 24 గంటల ముందుగా కబురు రావాలి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మాయోపాయాలను నిషేధించినది. అందులో చందా వల కూడా ఒకటి. మంచిదే. కానీ అద్దెను అమ్మకమని పిలవడం ఆ పదమూడింటిలో ప్రత్యేకంగా లేదు.

ఇదంతా మనవడికి ఉపన్యసించినాను. వాడు ఓపికగా విని, “తాతయ్యా, మీరు కట్టిన చందాతో ముప్పై ఆటలు ఆడాను. అవి విడివిడిగా కొనాలంటే ఎంతయ్యేది? మీరు మాత్రం లైబ్రరీ పుస్తకాలు చదవలేదా?” అన్నాడు.

పంతులు నోరు మూతపడినది. వాడన్నది నిజం. నా చదువులో సగం శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. పేదపిల్లవాడికి తక్కువ సొమ్ముతో ఎక్కువ ఆటలు అందించే పద్ధతి చెడ్డదని ఎలా అనగలను? అనను. కానీ గ్రంథాలయం పుస్తకానికి తిరిగి ఇవ్వవలసిన తేదీ చీటీ అంటించి ఉండేది. ఆ చీటీ ఇక్కడ కనిపించడం లేదు. నా బాధ అంతే.

లోపలికి వెళ్ళి శబ్దరత్నాకరం తెచ్చి వాడికి చూపించినాను. మొదటి పుటలో మా గురువుగారి సంతకం, దాని కింద ఆయన చేతితోనే వ్రాసి ఇచ్చిన నా పేరు, 1983. “దీని కింద మూడవ పేరు నీది” అన్నాను. డిస్కునైతే ఇలా మరొకరికి ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ ఖాతాలోని ఆటలను ఇతరులకు బదిలీ చేయరాదని ఒప్పందాలలో సాధారణంగా వ్రాసే ఉంటుంది. తరువాతివాడి చేతిలో పెట్టలేనిదానిని సొంతమని ఎలా అనుకోవడం?

నా తీర్పు ఇది. చందా అన్యాయం కాదు. అద్దె వస్తువును ‘కొన్నవి’ అనే వరుసలో పెట్టడం అన్యాయం. పూర్తి వెలకు అమ్మిన ఆటకు మరొక రుసుము కావాలంటే, ఆ మాట ధర ఎంత పెద్ద అక్షరాలలో ఉన్నదో అంత పెద్ద అక్షరాలలో చెప్పకపోవడం అన్యాయం. ఏళ్ళ తరబడి కట్టినవాడు మానుకొన్ననాడు ఒక్క ఆటైనా చేతిలో మిగలకపోవడం న్యాయమే కావచ్చు, మర్యాద మాత్రం కాదు.

ధర్మాధర్మ విచారణ ముగిసేదాకా నాగపూరు పిల్లవాడు కాచుకొని కూర్చోడు కదా. మర్నాడు ఒక నెల చందా కట్టినాను. కట్టేముందు మనవడి చేత నోటుపుస్తకంలో నిలువుగా గీత గీయించి, ఒక వైపు ‘కొన్నవి’, మరొక వైపు ‘అద్దెవి’ అని వ్రాయించినాను. అద్దె వైపు పుట నిండి రెండవ పుటలోకి పోయినది. కొన్న వైపు ఒకే ఒక్క పేరు.

వాడు చాలాసేపు ఆ పుట వంక చూసి, “ఇంతేనా తాతయ్యా?” అన్నాడు. ఆనక కాసేపు ఆలోచించి, “ఈసారి పుట్టినరోజుకు చందా వద్దు, డిస్కే కొనండి” అన్నాడు. వెంటనే వాడికే గుర్తుకు వచ్చినది. “కానీ వాడితో ఆడాలంటే మళ్ళీ చందా కావాలి కదా...”

దానికి నా వద్ద సమాధానం లేకపోయినది. గడియారం ఆరు కొట్టినది, వాడు పరుగెత్తినాడు. మీ ఇళ్ళలోనూ ఇటువంటి తాళంకప్పలు ఉండే ఉంటాయి. పిల్లలకు మీరేమి చెప్పినారో తెలిపితే నేర్చుకొంటాను.

ఉంటాను, సెలవు.