పాత యంత్రం - కొత్త ఆదేశం

యంత్రం మొరాయించినప్పుడు మనిషి మొదట దానిని నిందిస్తాడు. కారణాన్ని విచారించడం ఆ తరువాతి మాట. చాలామంది అంతదూరం రారు.

ఒక పల్లెలో పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు ఒకరు వ్యవసాయ పదాలను సేకరించేవారు. కాడి, మేడి, గొర్రు, గుంటక, పలుపు వంటి మాటలను వృద్ధ రైతుల నోట విని, అర్థాలతో సహా తన కంప్యూటర్‌లో భద్రపరిచేవారు. అది పెంటియం-3 ప్రాసెసర్ గల పాత యంత్రం, లినక్స్‌తో నడిచేది. ఆ మాటలు చెప్పిన రైతులలో కొందరు అప్పటికే కాలం చేశారు.

ఒకనాడు ఆయన సాఫ్ట్‌వేర్‌ను నవీకరించారు. మరునాటి నుండి పదాల పట్టికను తెరిచే ప్రోగ్రాము తెరిచిన క్షణంలోనే మూతపడసాగింది. 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్', అంటే చెల్లని ఆదేశం అన్న రెండు మాటలే తెరపై మిగిలేవి. ప్రోగ్రామును తొలగించి మళ్లీ చేర్చినా ఫలితం లేకపోయింది. "దానికి ఆయువు తీరింది, కొత్తది కొనండి" అన్నారు ఇరుగుపొరుగువారు.

కబురందుకొని పూర్వ శిష్యుడొకడు వచ్చాడు. ముందుగా పదాల ఫైళ్లను పెన్‌డ్రైవులోకి కాపీ చేశాడు. "మాస్టారూ! మీ పదాలన్నీ క్షేమంగా ఉన్నాయి. తలుపే తెరుచుకోవడం లేదు" అన్నాడు. తరువాత నవీకరణల చిట్టాను పరిశీలించాడు. ప్రోగ్రాము మారలేదు, అది ఆధారపడిన లైబ్రరీ ఒకటి మారింది. ఆ లైబ్రరీని వాడే మరొక ప్రోగ్రామూ ఆగిపోయింది. దానిని వాడనివి చక్కగా నడిచాయి.

లైబ్రరీ అంటే అనేక ప్రోగ్రాములు పంచుకొనే సాధనాల సముదాయం. అది ఊరి ఉమ్మడి బావి వంటిది. బావి నీరు చెడినప్పుడు ఇంట్లో కుండను కడిగి ప్రయోజనం లేదు.

కొత్త లైబ్రరీని ఎస్‌ఎస్‌ఇ2 అనే ఆదేశాలతో నిర్మించారు. వాటిని ఇంటెల్ సంస్థ 2000లో పెంటియం-4తో ప్రవేశపెట్టింది. 1999లో వచ్చిన పెంటియం-3కి అవి తెలియవు. తెలియని ఆదేశాన్ని ప్రాసెసర్ ఊహించి నెరవేర్చలేదు. అందువల్ల ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది. కొన్ని లైబ్రరీలు "నీకేమి తెలుసు?" అని ప్రాసెసర్‌ను ముందే అడిగి, తగిన దారి ఎంచుకుంటాయి. ఈ లైబ్రరీలో ఆ ఏర్పాటు లేదు. ప్రాసెసర్ లక్షణాల జాబితాలో ఎస్‌ఎస్‌ఇ2 పేరు లేకపోవడాన్ని శిష్యుడు గురువుకు చూపించాడు.

అతడు లైబ్రరీ పాత ప్రతిని మళ్లీ చేర్చి, అది మారకుండా కట్టడి చేశాడు. ప్రోగ్రాము తెరుచుకుంది. "పాత ప్రతికి భద్రతా సవరణలు అందవు. అందుకే ఇంటర్నెట్ తీసివేస్తున్నాను. వారానికొకసారి ఫైళ్లను వేరేచోట దాచుకోండి" అని హెచ్చరించాడు.

మాస్టారు కొంతసేపు మౌనంగా ఉన్నారు. "మేడి అంటే ఏమిటో మా మనుమడికి తెలియదు నాయనా! వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. వాడిని తెలివితక్కువవాడని నేను అనలేదు. ఈ యంత్రాన్ని మాత్రం పనికిరానిదని ఎంత తొందరగా అనేశాను!" అన్నారు.

కొత్తను నిర్మించేవారు పాతదానితో బ్రతికేవారిని తలచుకోవాలి. పాతదానిని వాడేవారు దాని హద్దులను ఎరిగి ఉండాలి. ఆ సాయంత్రం మాస్టారు పట్టికలో ఆగిపోయిన చోటు నుండి మళ్లీ రాయడం మొదలుపెట్టారు.