కొలిమిలో గొడ్డలి

చిలకలూరిపేట నుండి పర్చూరు వైపు వెళ్తూ మిరప చేల ప్రక్కన ఒక కొలిమి దగ్గర ఆగాము. కమ్మరి పెద్దాయన మెత్తని ఇనుప పట్టీని మడిచి, కామ దూరే బెజ్జం వదిలి, నోటిలో లారీ కమాను ఉక్కు ముక్క పెట్టి సమ్మెటతో అతికించాడు. వెయ్యేండ్ల క్రితం ఐరోపా ఉత్తరాన వైకింగుల గొడ్డళ్లు అనేకం ఇలా చేసినవే. అంతా ఉక్కయితే దెబ్బకు పగులుతుంది; అంతా ఇనుమైతే పదును నిలవదు.

నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పారసీక వర్తకులు వచ్చేవారు. ఆ మూసలు ఎన్నడో చల్లారాయి.

“అంచుకు ఎండుగడ్డి రంగు రాగానే నీళ్లలో ముంచాలి అయ్యగారూ, రెప్పవేస్తే పోయినట్టే” అన్నాడు. అది నేర్వవలసిన కొడుకు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు మోస్తున్నాడు. తిత్తి ఊదేది ఆయన భార్య.