అక్టోబరు పులుపు

మసాచుసెట్స్‌లో ఆకులు ఎర్రబడే రోజుల్లో కుకీలు చేయాలంటే నేను ముందు పండు చూసుకుంటాను, పిండి సంగతి తర్వాత. జామ్ సీసాలు ఏడాది పొడుగునా దొరుకుతాయి. వాటితో చేసిన కుకీ జూన్‌లో తిన్నా జనవరిలో తిన్నా ఒక్కలాగే ఉంటుంది. పచ్చి క్రాన్‌బెర్రీ అలా కాదు. సెప్టెంబరు నడిమి నుంచి నవంబరు మొదటి వారాల దాకా దాని కోత. ఆ కొద్ది రోజుల్లోనే తోట నుంచి నేరుగా ఇంటికి వస్తుంది.

మా ఇంటి నుంచి దక్షిణంగా కార్వర్, వేర్‌హామ్ ఊళ్ళ వైపు వెళ్తే దారి పొడుగునా క్రాన్‌బెర్రీ మడులే. ఇసుక, తేమ కలిసిన పల్లపు నేలలో తీగలు పాకుతూ పెరుగుతాయి. కేప్ కాడ్‌లోని డెన్నిస్ అనే ఊళ్ళో హెన్రీ హాల్ 1816లో ఈ సాగు మొదలుపెట్టాడు. గాలికి ఇసుక వచ్చి పడిన చోట తీగలు బాగా కాస్తున్నాయని గమనించి, తనే ఇసుక చల్లడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ మడుల్లో ఇసుక చల్లుతూనే ఉన్నారు. కోత కాలంలో మడి నిండా నీళ్ళు పెట్టి తీగల్ని కదిలిస్తారు. పండు లోపల నాలుగు గాలి గదులుంటాయి కనుక రాలిన పండంతా పైకి తేలుతుంది. అది ఎక్కువగా రసాలకీ సాసులకీ పోతుంది. మనం సంచిలో కొనుక్కునే తాజా పండు చాలావరకు నీళ్ళు పెట్టకుండా కోసినది. మంచి పండుని బల్ల మీద వేస్తే ఎగురుతుంది, మెత్తబడింది ఎగరదు. పొయ్యి ఎక్కించే ముందు నేను కొన్నింటిని అలా వేసి చూస్తాను.

దీని పులుపు మనవాళ్ళకి కొత్త కాదు. అమెరికాలో తెలుగు ఇళ్ళు చాలాకాలంగా క్రాన్‌బెర్రీతో పప్పు, పులిహోర, పచ్చడి చేసుకుంటున్నాయి. చింతకాయా గోంగూరా అలవాటైన నాలుక ఈ పండు విలువ వెంటనే గుర్తిస్తుంది. ఇక్కడి వంటల పుస్తకాలు మాత్రం దీన్ని పంచదారలో ముంచేస్తాయి. నాకది నచ్చదు. కుకీ అంటేనే వెన్నా పంచదారా. దాని మీద కూర్చున్న పండు కూడా తీపే అయితే రెండో కుకీ తినబుద్ధి కాదు. పులుపు నిలవాలి. ఈ వంటలో నా పట్టుదలంతా దాని మీదే.

340 గ్రాముల సంచి ఒకటి మొత్తం గిన్నెలో పోసి, ఒక యాపిల్ సన్నగా తరిగి కలుపుతాను. కోర్ట్‌లాండ్ రకమైతే మేలు, కోసినా దాని కండ తొందరగా నల్లబడదు. పంచదార ముప్పావు కప్పు, నీళ్ళు పావు కప్పు, కాస్త నారింజ తొక్క తురుము. మంట తగలగానే పండ్లు ఒక్కొక్కటే టప్ టప్‌మని పగులుతాయి. తెల్లటి లోపలి భాగం బయటపడి, మరుక్షణమే ఎర్రటి రసంలో కలిసిపోతుంది. పండులోనే పెక్టిన్ దండిగా ఉంది కాబట్టి చిక్కబడడానికి ఇంకేమీ కలపక్కర్లేదు. చల్లటి పళ్ళెంలో చుక్క వేసి వేలితో గీత గీస్తే, ఆ గీత మూసుకోకూడదు. తెనాలి నుంచి వచ్చిన అమ్మ ఈ పని నా చేత చేయనివ్వదు. పాకం చూసే చేతికి పళ్ళెం దేనికంటుంది. గరిట ఎత్తి, జారే తీరు చూసి, “ఏమే, దించెయ్యి, చల్లారితే ఇంకా బిగుస్తుంది” అంటుంది. బిగుస్తుంది కూడా.

మసాలా దగ్గర నాకూ ఇక్కడి అలవాటుకీ పడదు. శరదృతువు వచ్చిందంటే దాల్చినచెక్క, లవంగం, జాజికాయ కలిపి ప్రతిదాంట్లోనూ వేస్తారు. అవన్నీ కలిస్తే పండు వాసన మిగలదు. నేను నాలుగు యాలకులు దంచి పిండిలో వేస్తాను, అంతే. యాలకులు పులుపుని తొక్కెయ్యవు.

పిండికి వెన్న 225 గ్రాములు, అంటే ఇక్కడి లెక్కలో రెండు కడ్డీలు. వేలితో నొక్కితే దిగాలి, జారిపోకూడదు. అందులో పంచదార వేసి తెల్లగా నురుగు తేలేదాకా గిలక్కొడితే, పంచదార పలుకులు వెన్నలో గాలి ఇరికిస్తాయి. కుకీ గుల్లగా రావడం అక్కడ మొదలవుతుంది. గుడ్డు పచ్చసొనలు రెండు మాత్రమే వేస్తాను. తెల్లసొన నీళ్ళు తెస్తుంది, నీళ్ళు వస్తే మైదా సాగుతుంది. మైదా రెండుంపావు కప్పులు, ఉప్పు చిటికెడు. ముద్ద చేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాక, ఉసిరికాయంత ఉండలు చేసి బొటనవేలితో గుంట నొక్కాలి. అంచులు చీలితే అక్కడికక్కడే వేలితో అతికించాలి. లేకపోతే పండు రసం ఆ చీలికలోంచి కారి ట్రే మీద మాడుతుంది.

పండుని మొదటే నింపడం నాకిష్టం లేదు. ఓవెన్‌లో ఎక్కువసేపుంటే జామ్ తోలులా సాగుతుంది, పులుపు మొద్దుబారుతుంది. 350 డిగ్రీల ఫారన్‌హీట్‌లో ఖాళీ గుంటలతోనే ఎనిమిది నిమిషాలు కాల్చి, బయటికి తీసి, పొంగి పూడిన గుంటని చెంచా వెనుక భాగంతో మళ్ళీ నొక్కి, అప్పుడు నింపుతాను. మరో ఐదారు నిమిషాలకి అడుగు అంచు లేత గోధుమ రంగుకి తిరుగుతుంది. పైన రంగు మారేదాకా ఆగకూడదు.

కొన్నింటి మీద జామ్ బదులు యాపిల్ ముక్కలే పెడతాను. పిల్లలకి అవే ఇష్టం. యాపిల్‌లో నూటికి 85 వంతులకు పైగా నీరే. నేరుగా పెడితే కింద పిండి తడిసి ఉడకనట్టుంటుంది. మాగాయ ముక్కలకి ఉప్పు పట్టించి ఊట తీసినట్టే, కాగితమంత పలుచటి ముక్కలకి పంచదార, నిమ్మరసం పట్టించి అరగంట వదిలేస్తే నీరు దిగుతుంది. ఆ నీరు పారబోయకుండా మరిగించి, కాల్చిన ముక్కల మీద పూస్తే నిగనిగలాడతాయి.

హైదరాబాద్ బేకరీల ఫ్రూట్ బిస్కట్ తింటూ పెరిగినవాళ్ళం మేము. అందులో ఎర్రగా పచ్చగా మెరిసే టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయిదే. పాకంలో ఊరి, నీరంతా పోగొట్టుకుని నెలల తరబడి నిలుస్తుంది, ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుంది. దానికి నేనెప్పుడూ పేరు పెట్టను. పండులో తడి మిగిలిన ఈ కుకీకి ఆ నిలవ గుణం లేదు. మర్నాటికే కింద పిండి మెత్తబడడం మొదలవుతుంది. అందుకే బతుకమ్మ ఆటకి తీసుకెళ్ళాలంటే ఆ పొద్దునే కాలుస్తాను. ఇక్కడ బంతులు, చేమంతులు నర్సరీల నిండా ఉండే వారాలూ క్రాన్‌బెర్రీ కోత వారాలూ దాదాపు ఒకటే. బతుకమ్మ పళ్ళేల పక్కన సత్తుపిండి ముద్దలతో పాటు మా కుకీల డబ్బా కూడా ఖాళీ అవుతుంది.

చుట్టిన ఉండలు ఫ్రీజర్‌లో మూడు నెలలుంటాయి. పండు ఏడాది దాకా ఉంటుంది. కరగనివ్వకుండా అలాగే గిన్నెలో వేసుకోవచ్చు, కాస్త ఆలస్యంగా పగులుతుంది తప్ప రుచి తగ్గదు. నవంబరు మొదట్లో కొన్న సంచులన్నిటి మీదా అమ్మ మార్కరుతో దేనికేదో రాసి పెడుతుంది. సగానికి సగం పచ్చడికే.