టార్చి పట్టుకున్న పిల్ల

మా పిల్ల మూడో తరగతి. నవంబర్ 14కి వేషాల పోటీ ఉందని స్కూలు డైరీలో రాసి పంపారు. ఎవరు ఏ వేషం వెయ్యాలో కూడా వాళ్ళే పంచేశారు. మగపిల్లలకి అల్లూరి, భగత్ సింగ్, అబ్దుల్ కలాం. ఆడపిల్లల్లో ముగ్గురు భారతమాతలు, ఇద్దరు ఝాన్సీ రాణులు, ఒక మదర్ థెరిసా. మా పిల్లకి ఫ్లోరెన్స్ నైటింగేల్. కింద ఎర్ర సిరాతో "దీపం నిజంగా వెలగాలి, కొవ్వొత్తి వద్దు" అని గీత గీసి మరీ రాశారు.

విజయనగరంలో వేషాలు అద్దెకిచ్చే షాపులో తెల్లగౌనూ టోపీ దొరికాయి. దీపం అంటే అల్లావుద్దీన్ కథలోదిలాంటి ప్లాస్టిక్‌ది చూపించారు. పిల్ల దాన్ని తిప్పి చూసి "స్విచ్ ఏదమ్మా?" అంది. స్విచ్ లేదు, అది వెలగదు. "పోన్లే, నేను చేస్తాను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. నలభై దాటిన ఈ వయసుదాకా నేను ఇంట్లో ఒక ప్లగ్గు కూడా మార్చినదాన్ని కాదు.

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవారు. షిఫ్టు దిగి ఇంటికొచ్చాక వీధిలో అందరి రేడియోలూ, ఫ్యాన్లూ ఆయన ముందుకే వచ్చేవి. అన్నయ్యకి ఎనిమిదేళ్ళకే టెస్టరు చేతికిచ్చారు. నాకిచ్చింది టార్చి. వాళ్ళిద్దరూ తలలు ఆనించి పనిచేస్తుంటే వెనక నిలబడి వెలుతురు చూపించడం నా పని. "కదలకే, నీడ పడతంది" అనేవారు నాన్న. చెయ్యి లాగేది. మార్చుకుంటే మళ్ళీ కసురు. వైరు కొస ఒలవడం, టంకం పెట్టడం, అన్నీ అక్కడ నిలబడే చూశాను. ఒక్కసారి స్క్రూడ్రైవర్ తీసుకోబోతే వంటింట్లోంచి అమ్మ కేక: "నీకెందుకే అయి? కరెంటు కొట్టీగల్దు!" అన్నయ్యని కొట్టని కరెంటు నన్నే ఎందుకు కొడుతుందో అప్పుడు అడగలేదు. నాన్న నన్ను డిగ్రీ చదివించారు, ఊరంతా వద్దన్నా హాస్టల్లో పెట్టారు. ఆయన మీద నాకు కోపం లేదు. టార్చి మీద మాత్రం ఉంది.

నైటింగేల్ పట్టుకున్న అసలు దీపం ఎలాంటిదో వెతికాను. మన పాఠ్యపుస్తకాల బొమ్మల్లో కనబడే తొండం దీపం కాదది. టర్కీవాళ్ళు వాడే మడత లాంతరు. పైనా కిందా గుండ్రటి మూతలు, మధ్యలో హార్మోనియం తిత్తిలా మడతలు పడే గొట్టం, లోపల కొవ్వొత్తి. ఇలాంటిదైతే చెయ్యగలనని ధైర్యం వచ్చింది. హార్లిక్స్ సీసాల మూతలు రెండు, స్టేషనరీ షాపులో బటర్ పేపరు, ఇస్త్రీ చేసినట్టు మడతలు. అంతవరకూ నాకు తెలిసిన పనే. పదో తరగతిలో కాగితం పూలు చేసి ప్రైజు తెచ్చుకున్న చేతులు.

మిగతా సామాన్లకి ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళితే "మీ అబ్బాయి ప్రాజెక్టాండీ?" అన్నాడు కుర్రాడు. నాకే అన్నాను. ఒకసారి నా మొహం చూసి, మూడు తెల్ల ఎల్ఈడీలు, మూడు పెన్సిల్ సెల్లులు పట్టే డబ్బా, చిన్న స్విచ్, వంద ఓమ్‌ల రెసిస్టర్లు మూడు ఇచ్చాడు. గోధుమ, నలుపు, గోధుమ గీతలుంటే వంద అని చెప్పాడు కూడా. తెల్ల ఎల్ఈడీకి మూడు వోల్టుల చొప్పున చాలు. మూడు సెల్లులు కలిస్తే నాలుగున్నర. ఆ మిగులుని రెసిస్టర్ మింగుతుంది, లేకపోతే దీపం మాడిపోతుంది. గుండ్రటి బటన్ సెల్‌తో ఇంకా తేలికగా అయిపోయేది గానీ వద్దనుకున్నాను. చెల్లెలి కొడుక్కి రెండేళ్ళు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. ఆ బిళ్ళ గొంతులో ఇరుక్కుంటే లోపల కాల్చేస్తుంది.

రాత్రి అన్నాలయ్యాక కూర్చున్నాను. మొదటిసారి ఏదీ వెలగలేదు. పొడుగు కాలు ప్లస్సుకి పెట్టాలట, నేను తిరగేసి పెట్టాను. రెండోసారి ఒక్కటే వెలిగింది. వైర్లు మెలితిప్పి టేపు చుడితే పిల్ల ఊపగానే ఊడిపోతున్నాయి. పక్కింటి ఐటీఐ కుర్రాణ్ణి సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చాను. "నేను పెట్టిస్తానాంటీ" అన్నాడు పాపం. వద్దన్నాను. వేలు కాలింది. టంకం కరిగి, మెరిసి, గట్టిపడే ఆ ఒక్క క్షణం చూడాలి. ముప్పై ఏళ్ళకి పైగా దాన్ని నేను ఇంకొకళ్ళ భుజం మీంచే చూశాను.

మా చెల్లెలు నర్సు. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తుంది. అమ్మ ఇంట్లో గోడ మీద దాని ఫోటో ఉంది: తెల్ల బట్టలు, చేతిలో కొవ్వొత్తి, ప్రమాణం చేస్తున్నప్పటిది. దీపం సంగతి ఫోనులో చెబితే నవ్వింది. "దీపం మాకు ఆ ఒక్క రోజే ఇత్తారు అప్పా. రాత్రి డ్యూటీలో నా చేతిలో ఉండేది రిజిస్టరు. వార్డు మొత్తానికి నేనొక్కర్తినే. ఎవరికి ఎన్ని సీసాలెక్కినాయి, ఎవరికి మూత్రం ఎంతొచ్చింది, అన్నీ రాయాలి. రాయకపోతే మాటొస్తది."

ఆ మాట నన్ను మళ్ళీ చదివించింది. నర్సులు చదివే ఆ ప్రమాణం నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలోని కమిటీ రాసి ఆమె పేరు పెట్టింది. అందులో డాక్టరు పనికి విధేయంగా సాయపడతాననే మాట ఉండేది. మళ్ళీ అదే టార్చి! 1854 నవంబరులో ముప్పై ఎనిమిదిమంది స్త్రీలతో స్కుటారీ ఆసుపత్రికి వెళ్ళిన నైటింగేల్ దీపం పట్టుకు తిరిగిన మాట నిజమే. కానీ ఆ చలికాలమంతా అక్కడ చావులు తగ్గలేదు. 1855 మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలవలు బాగుచేశాక తగ్గాయి. ఆమె ఆ సంగతి తర్వాత లెక్కలు కట్టి తెలుసుకుంది, తెలుసుకుని దాచలేదు. గాయాలకి ఎరుపు, నివారించగల రోగాలకి నీలం, మిగతావాటికి నలుపు రంగులేసి, విసనకర్రలా విచ్చుకునే బొమ్మలు 1858లో అచ్చువేసింది. నీలమే అన్నిటికంటే పెద్దది. ఆ ఏడాదే లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో మొదటి మహిళా సభ్యురాలైంది. మన దేశం అడుగు పెట్టకుండానే మన పారిశుద్ధ్యం గురించి ఏళ్ళ తరబడి రాసిందనీ, సొంత ఖర్చుతో క్రిమియా వెళ్ళిన జమైకా స్త్రీ మేరీ సీకోల్‌ని చరిత్ర చాలాకాలం మరిచిపోయిందనీ కూడా చదివాను. అదంతా ఎనిమిదేళ్ళ పిల్లకి చెప్పలేదు. చార్టు మీద నీలం బొమ్మ మాత్రం ఇద్దరం కలిసి వేశాం. నీలం స్కెచ్ పెన్ను అయిపోయింది.

పోటీ రోజున స్టేజి వెనక టీచరు ఆ చార్టు తీసేసుకుని నాకిచ్చారు. "రెండు చేతులూ నిండిపోతే దీపం కనబడదు మేడమ్." వాదించడానికి నోరు రాలేదు. చార్టు చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల బట్టీపట్టిన ఇంగ్లీషు నాలుగు వాక్యాల్లో రెండు చెప్పి ఆగిపోయింది. తర్వాత లాంతరు పైకెత్తి తెలుగులో "ఇది మా అమ్మ చేసింది. స్విచ్ ఇక్కడుంది" అని ఆపి, వేసి, మళ్ళీ ఆపి చూపించింది. జనం నవ్వారు. ఒక భారతమాతకి మొదటి బహుమతి వచ్చింది. మాకు కన్సొలేషన్, స్టీలు గ్లాసు.

వారం తర్వాత చెల్లెలు ఆఫ్ దొరికి అమ్మ ఇంటికి వస్తే లాంతరు పట్టుకెళ్ళాం. మూడిట్లో ఒక దీపం ఆరిపోయి ఉంది. చెల్లెలు మూత విప్పింది. కరెంటు లేదు. ఎవరూ చెప్పకుండానే మా పిల్ల నా సెల్‌ఫోను తీసి లైటు వేసి పట్టుకుంది. నా కడుపులో ఏదో తిప్పింది. ఫోను దాని చేతిలోంచి తీసుకుని డబ్బా మీద నిలబెట్టి, స్క్రూడ్రైవర్ దానికిచ్చాను.

అమ్మ మంచమ్మీంచి అంతా చూస్తోంది. కరెంటు కొడుతుందంటుందేమోనని ఎదురు చూశాను. కాసేపాగి, "రాత్రిపూట బాత్రూముకి లెగిసినప్పుడు గుమ్మం కనబడతలేదే. నాకూ ఒకటి సెయ్యండి. మడతలొద్దు, స్విచ్చి మాత్రం పెద్దది పెట్టండి" అంది.