అక్క ఫోన్

మాది ముదిగుబ్బ. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో వస్తుంది. వాన పడితే చెనక్కాయ, పడకపోతే బెంగళూరు. మా ఊరోళ్ల లెక్క ఇంతే. పెళ్లయ్యాక మా అక్క కూడా బావతో బెంగళూరు పోయింది, కట్టడాల పనికి.

నేను సెకండియర్లో ఉన్నప్పుడు ఒక రాత్రి ఫోన్ చేసింది. "కొట్టినాడురా" అనింది. పొద్దున మిడ్ ఎగ్జామ్. "కొంచెం సర్దుకో అక్కా, రేపు మాట్లాడతా" అన్నాను. మాట్లాడలేదు. ఇది రాస్తున్నది ఆ మాట వల్లే.

మూడు నెలలకు పాపను ఎత్తుకొని ఊర్లో బస్సు దిగింది. ఎడమ చెవి సరిగా వినపడడం లేదు. వారానికోసారి బావ తాగొచ్చి ఇంటి ముందర అరిచేవాడు. "కేసంటే కాపురం పోతాది" అని అమ్మ భయం. నాకూ కేసంటే జైలు, విడాకులు అనే తెలుసు.

181కి ఫోన్ చేసినాక తెలిసింది, 2005 గృహహింస చట్టం వేరే దారి చూపిస్తుందని. విడాకులు అడగకుండానే, ముందు పోలీసు కేసు పెట్టకుండానే, "ఇకమీద ఈమె జోలికి పోవద్దు" అని మెజిస్ట్రేట్ ఆదేశం ఇవ్వొచ్చు. దెబ్బలు తిన్నది బెంగళూరులో అయినా, ఇప్పుడు ఉంటున్న చోటే అర్జీ వేయొచ్చు. లాయర్‌ను న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇచ్చింది. ఆడవాళ్లకు ఆదాయం ఎంతని చూడరు.

రక్షణాధికారి దగ్గర ఒక ఫారం నింపాల. హింస రకాలు వరుసగా ఉంటాయి. నేను చదువుతుంటే అక్క తలూపుతా ఉంది. పేర్లు పెట్టి తిట్టడం, ఖర్చులకు డబ్బివ్వకపోవడం దగ్గరికి వచ్చేసరికి ఆపింది. "ఇవి కూడా రాస్తారా?" అని అడిగింది. అప్పటిదాకా అవి సంసారంలో మామూలే అనుకునింది. ఆ ఫారం నింపడానికి రెండు గంటలు పట్టింది. నాలుగేళ్ల సంగతి నేను మొదటిసారి పూర్తిగా విన్నది ఆ రోజే.

అరవై రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది. మాకు వాయిదాలు అంతకన్నా ఎక్కువే పడినాయి. అయితే అక్క అఫిడవిట్ చూసి మెజిస్ట్రేట్ మధ్యంతర రక్షణ ఆదేశం ముందే ఇచ్చినారు. హింస చేయకూడదు, ఇంటి దగ్గరికి రాకూడదు, ఫోన్ చేయకూడదు. మీరితే ఏడాది దాకా జైలు, లేదా ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ. కాపీ ఒకటి స్టేషన్‌కు పోయింది. ఇంకొకటి అమ్మ ట్రంకుపెట్టెలో, పట్టాదారు పాసుపుస్తకం కింద పెట్టింది.

కాగితం మనిషిని మార్చదు. నెల తర్వాత బావ మళ్లీ వచ్చినాడు. అక్క తలుపు తీయలేదు, ఏడ్వలేదు. స్టేషన్‌కు ఫోన్ చేసి ఆదేశం తేదీ, కేసు నంబరు చదివింది. కానిస్టేబుల్ వచ్చేలోపే వాడు బస్టాండు దారి పట్టినాడు. మునుపైతే వీధంతా బయటికొచ్చి పంచాయితీ చెప్పేది. ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

ఫ్రెండ్స్, మనలో చాలామందికి అక్కాచెల్లెళ్లు ఉన్నారు. సెక్షన్లు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు. "సర్దుకో" అని మాత్రం అనొద్దు.

బావ వచ్చిపోయిన రాత్రి అక్క నాకు ఫోన్ చేసింది. పొద్దున ల్యాబ్ ఎగ్జామ్. పుస్తకం మూసి పక్కన పెట్టి, "చెప్పు అక్కా" అన్నాను.